పుట్టుమచ్చ మెలనోమాగా ఎలా మారుతుంది? బాస్టియన్ పరిశోధన, మన అరికాళ్లు

తుంగభద్ర (కర్నూలు) | ఆదివారం రాత్రి

అందరికీ నమస్కారం. నేను కర్నూలులో చర్మవ్యాధుల విభాగంలో పీజీ చేస్తున్నాను. వచ్చే నెల మా విభాగంలో మెలనోమా మీద, అంటే చర్మానికి రంగునిచ్చే కణాల్లో పుట్టే క్యాన్సర్ మీద, ప్రసంగించాలి. దానికోసం కొంతకాలంగా ఒకే శాస్త్రవేత్త రాసినవన్నీ చదువుతున్నాను. చదివేకొద్దీ ఈ విషయం డాక్టర్ల మధ్యనే ఉండిపోకూడదనిపించి ఇక్కడ రాస్తున్నాను.

ఆయన బోరిస్ బాస్టియన్. శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో చర్మవ్యాధులకూ పాథాలజీకీ ప్రొఫెసర్. పాతికేళ్లకు పైగా ఆయన వెంటాడుతున్న ప్రశ్న ఇది: మామూలు చర్మకణం క్యాన్సర్ కణంగా మారే దారిలో ముందు ఏది జరుగుతుంది, ఆ తర్వాత ఏది జరుగుతుంది?

రోగి ఆసుపత్రికి వచ్చేసరికి గడ్డ ముదిరిపోయి ఉంటుంది. అందులోని జన్యువుల్లో ఉత్పరివర్తనాలు, అంటే మార్పులు, కుప్పలుగా ఉంటాయి. వాటిలో ఏది మొదట వచ్చిందో, ఏది చివర వచ్చిందో ఎలా తేల్చడం? 2015లో ఆయన, హంటర్ షేన్, ఇతర సహచరులు న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ప్రచురించిన వ్యాసం దీనికి ఒక మార్గం చూపింది. కొందరిలో మెలనోమా పాత పుట్టుమచ్చను ఆనుకునే పుడుతుంది. కోసి తీసిన ముక్కను మైక్రోస్కోపు కింద చూస్తే ఒక అంచున అమాయకమైన మచ్చ, మరో అంచున క్యాన్సర్ కనిపిస్తాయి. అలాంటి 37 మెలనోమాలను ఎంచుకున్నారు. వాటిలో 150 చోట్ల నుంచి కణజాలాన్ని విడివిడిగా తీసి, 293 జన్యువులను చదివారు. మచ్చలోనూ క్యాన్సర్‌లోనూ ఉన్న మార్పు పాతది. క్యాన్సర్ వైపు మాత్రమే ఉన్నది తర్వాత వచ్చింది. ఒక్క ముక్కలోనే కాలక్రమం అంతా దొరికింది.

వాళ్లకు తేలింది ఇది. స్పష్టంగా హానిలేని పుట్టుమచ్చల్లో కనిపించిన మార్పు బి-రాఫ్ జన్యువులో ఒకటే. ఆ ప్రోటీన్‌లో 600వ స్థానంలో వేలిన్ ఉండాల్సిన చోట గ్లుటమేట్ ఉంటుంది. అటు మచ్చ అనీ ఇటు క్యాన్సర్ అనీ చెప్పలేని మధ్యస్థ దశలో ఎన్-రాస్ అనే జన్యువులో మార్పులు, మరికొన్ని తోడయ్యాయి. ఈ మధ్యస్థ దశలోనూ, పై పొర దాటని మెలనోమాలోనూ 77 శాతం చోట్ల టెర్ట్ జన్యువును నడిపే భాగం మారి ఉంది. కణం అలసిపోకుండా విభజన చెందుతూనే ఉండటానికి ఇది తోడ్పడుతుంది. సీడీకేఎన్2ఏ జన్యువు రెండు ప్రతులూ పోవడం మాత్రం కింది పొరలోకి చొచ్చుకుపోయిన మెలనోమాల్లోనే కనబడింది. పీటెన్, టీపీ53 అనే జన్యువులు దెబ్బతినడం ఇంకా ముదిరిన వాటిలో వచ్చింది. అతినీలలోహిత కిరణాలు వదిలే గుర్తు మాత్రం మొదటి దశ నుంచి చివరి దశ దాకా ఉంది.

మెట్లు ఉన్నాయని వాలెస్ క్లార్క్ 1984లోనే, మైక్రోస్కోపులో కనిపించే రూపాన్ని బట్టి చెప్పారు. బాస్టియన్ బృందం ఆ మెట్లకు జన్యువుల పేర్లు చేర్చింది. నన్ను కదిలించింది ఆ మధ్యస్థ దశ. రోగికి నొప్పి ఉండదు, రక్తం రాదు, ఆ దశ ఏళ్ల తరబడి నిలవగలదు. మనం పట్టుకోగలిగితే అక్కడ పట్టుకోవాలి.

ప్రశ్నలు అడగండి. వైద్యం చదవని వాళ్లు అడిగితే మరింత సంతోషం.

గండికోట (కడప) | సోమవారం ఉదయం

అమ్మా, బాగా వివరించారు. నేను జంతుశాస్త్రం చెప్పి రిటైర్ అయినవాణ్ని. రెండు సందేహాలు.

ఒకటి. బి-రాఫ్ అలా మారితే కణానికి విభజన చెందమనే సంకేతం ఆగకుండా అందుతుంది కదా. అలాంటప్పుడు పుట్టుమచ్చ కొద్దిగా పెరిగి ఎందుకు ఆగిపోతుంది? నా భుజం మీది మచ్చ చిన్ననాటి నుంచి అలాగే ఉంది.

రెండు. ఈ అధ్యయనాలన్నీ తెల్లతోలు వాళ్ల మీద, ఎండ తగిలిన చర్మం మీద జరిగినవి. మన చర్మంలో మెలనిన్ దండిగా ఉంది. మన దేశంలో మొత్తం క్యాన్సర్లలో చర్మ క్యాన్సర్ వాటా చిన్నదే. కర్నూలు, కడప జిల్లాల్లో నోటి క్యాన్సర్ గురించి, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ గురించి మాట్లాడాల్సి ఉండగా మెలనోమా గురించి జనాన్ని భయపెట్టడం ఎందుకని నా అభ్యంతరం. కోపం తెచ్చుకోకండి.

తుంగభద్ర (కర్నూలు) | సోమవారం రాత్రి

కోపం ఎందుకు సార్, ఇవి అడగాల్సినవే.

మొదటిది. కణానికి తనను తాను ఆపుకునే ఏర్పాటు ఉంది. బి-రాఫ్ మార్పు వల్ల విభజన మితిమీరగానే కణం శాశ్వతంగా నిలిచిపోయే స్థితికి వెళుతుందని 2005లో డానియెల్ పీపర్ బృందం పుట్టుమచ్చల్లోనే చూపింది. అక్కడ పనిచేసే ప్రోటీన్లలో పి16 ముఖ్యమైనది. దాన్ని తయారు చేసేది సీడీకేఎన్2ఏ. అది చొచ్చుకుపోయే దశలోనే పోతుందని పైన రాశాను కదా. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే లెక్క కుదురుతుంది. మీ భుజం మీది మచ్చలాంటివి కోట్ల మందికి ఉన్నాయి, దాదాపు అన్నీ అలాగే ఉండిపోతాయి. మెలనోమాల్లో పాత మచ్చ నుంచి వచ్చేవి సుమారు 30 శాతం. మిగిలినవి మచ్చ లేని చోట కొత్తగా పుడతాయి. కాబట్టి ఉన్న పుట్టుమచ్చలన్నీ తీయించుకోవడం ఎవరికీ అక్కర లేదు.

రెండో దానికి జవాబు కూడా బాస్టియన్ దగ్గరే ఉంది. మెలనోమా అనేది ఒక్క జబ్బు కాదని 2005లో ఆయన బృందం చూపింది. 126 మెలనోమాలను నాలుగు గుంపులుగా విడదీశారు: ఏళ్ల తరబడి ఎండలో నానిన చర్మం మీదివి, అంతగా నానని చర్మం మీదివి, అరికాళ్లు, అరిచేతులు, గోళ్ల కింద వచ్చేవి, నోరు, ముక్కు లాంటి లోపలి తడి పొరల్లో వచ్చేవి. నాలుగింటి జన్యు మార్పులూ వేరు. అంతగా ఎండ సోకని చర్మపు మెలనోమాల్లో 81 శాతం వాటిలో బి-రాఫ్ గానీ ఎన్-రాస్ గానీ మారి ఉంది. అరికాలి రకంలో బి-రాఫ్ మార్పు తక్కువ. దానికి బదులు క్రోమోజోముల ముక్కలు తెగి, జన్యువుల ప్రతులు పెరిగిపోయి ఉంటాయి. 2017లో పూర్తి జన్యుపటాలు చదివినప్పుడు కూడా అరికాలి మెలనోమాలో ఎండ గుర్తు చాలా తక్కువగానే ఉంది.

మీరన్నట్టే మెలనిన్ మనల్ని ఎండ రకం నుంచి చాలావరకు కాపాడుతోంది. అరికాలి రకం నుంచి కాపాడదు. నల్లని, చామనచాయ చర్మం ఉన్నవారికి మెలనోమా వస్తే అది ఎక్కువగా పాదంలోనే వస్తుంది. పాటగాడు బాబ్ మార్లే 1981లో 36 ఏళ్లకే చనిపోయింది దీనితోనే, కాలి బొటనవేలి గోరు కింద మొదలైంది. సంఖ్య చిన్నదే, ఒప్పుకుంటాను. కానీ మా ఓపీకి వచ్చే పాదం మెలనోమాలు ముదిరాకే వస్తున్నాయి. భయపెట్టడం నా ఉద్దేశం కాదు. కాలు కడుక్కునేటప్పుడు ఒకసారి అడుగు తిప్పి చూసుకోమంటున్నాను.

చెనక్కాయ రైతు (కళ్యాణదుర్గం) | మంగళవారం రాత్రి

డాక్టరమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. నిద్ర పట్టక రాస్తున్నాను.

మా నాయనకు ఎడమ మడమ అంచున నల్లటి మచ్చ ఉండేది. తుమ్మ ముల్లు విరిగి లోపల ఉండిపోయిందని ఇంట్లో అందరం అనుకున్నాం. చేనులో చెప్పులు లేకుండానే తిరిగే మనిషి. కొన్నాళ్లకు అక్కడ గట్టిపడితే ఆనె అన్నారు. ఊళ్లో ఒకాయన బ్లేడుతో చెక్కాడు. తర్వాత పట్నంలో ఒక నర్సింగ్ హోమ్‌లో ఆనె అనే కోసి తీసేశారు. ముక్కను ఎక్కడికీ పరీక్షకు పంపలేదు. కాగితం కూడా ఇవ్వలేదు. ఇప్పుడు అదే చోట పక్కన మళ్లీ నలుపు లేచింది, తడి కారుతోంది. ముక్క తీస్తే క్యాన్సర్ పాకుతుందని మా పెద్దనాన్న వద్దంటున్నాడు. పసరు కట్టే మనిషి దగ్గరకు తీసుకెళ్దామంటున్నాడు. ఏమి చేయాలి?

నిర్వాహకులు | మంగళవారం రాత్రి

దయచేసి ఎవరూ పేషంట్ల ఫొటోలు, రిపోర్టుల మీది పేర్లు ఇక్కడ పెట్టవద్దు. రైతు గారూ, ఇక్కడి మాటలు డాక్టరును నేరుగా కలవడానికి బదులు కావు. మీ నాయన గారికి నయం కావాలని కోరుకుంటున్నాం.

తుంగభద్ర (కర్నూలు) | బుధవారం తెల్లవారుజామున

అన్నా, డ్యూటీ మధ్యలో చూశాను. ముందు మీ ప్రశ్నకే జవాబు.

ఈ వారంలోనే అనంతపురం ప్రభుత్వ ఆసుపత్రిలో చర్మవ్యాధుల ఓపీకి తీసుకెళ్లండి. పసరు వద్దు, వాత వద్దు, బ్లేడు వద్దు. వాటివల్ల పైన చర్మం కాలి, ఉన్న ఆధారం చెడుతుంది. లోపలిది లోపల ఉండిపోతుంది. గజ్జల్లో బిళ్లలు కట్టాయేమో చూడమని డాక్టరుకు మీరే గుర్తు చేయండి. ఇంతకు ముందు ఒకసారి కోశారనీ, ముక్క పరీక్షకు వెళ్లలేదనీ తప్పకుండా చెప్పండి.

పెద్దనాన్న గారికి ఇలా చెప్పండి. క్యాన్సర్ పాకేది కత్తి తగిలినందుకు కాదు. పైన రాసిన మార్పులు ఒకదాని మీద ఒకటి చేరి, కణం కింది పొరలోకి దిగే శక్తి తెచ్చుకున్నందుకు పాకుతుంది. అది కత్తితో పని లేకుండానే జరుగుతుంది. ముక్క తీసినందువల్ల మెలనోమా రోగుల ఆయువు తగ్గదని అధ్యయనాలు చూపాయి. ఆలస్యం వల్ల పెరిగేది మందం. అలెగ్జాండర్ బ్రెస్లో 1970లో చెప్పిన మాట నేటికీ నిలిచి ఉంది: మెలనోమా చర్మంలో ఎన్ని మిల్లీమీటర్ల లోతుకు దిగిందన్నది రోగి భవిష్యత్తును అన్నిటికన్నా బాగా చెబుతుంది. దశలు లెక్కించేది కూడా దాన్ని బట్టే: 1 మిల్లీమీటరు లోపు, 1 నుంచి 2, 2 నుంచి 4, 4 పైన.

మళ్లీ అదే చోట ఎందుకు లేచిందన్నది మీరు అడగలేదు గానీ చెప్పాలి. అది మెలనోమాయే అయితే, 2000లో బాస్టియన్ ప్రచురించిన ఒక పరిశోధన ఇక్కడ నేరుగా వర్తిస్తుంది. అరికాలి మెలనోమా చుట్టూ కంటికీ, మైక్రోస్కోపుకీ కూడా మామూలుగా కనిపించే చర్మంలో, క్యాన్సర్‌లో ఉన్న అవే జన్యు ప్రతుల పెరుగుదల ఉన్న కణాలు విడివిడిగా దొరికాయి. అంటే నల్లని అంచు దగ్గర జబ్బు అంచు ఆగడం లేదు. అందుకే సర్జన్లు చుట్టూ మంచి చర్మాన్ని కూడా కలిపి తీస్తారు. మందం 1 మిల్లీమీటరు లోపైతే చుట్టూ 1 సెంటీమీటరు, 2 మిల్లీమీటర్లు దాటితే 2 సెంటీమీటర్లు. ఆనె అనుకుని కోసినప్పుడు అంత తీయరు కదా.

చెనక్కాయ రైతు (కళ్యాణదుర్గం) | బుధవారం ఉదయం

అర్థమైందమ్మా. చేనులో గరికను పైన కోస్తే వేరు కింద పాకి మరో చోట లేస్తుంది. పెద్దనాన్నకు అదే మాట చెప్పాను. సరేనన్నాడు. రేపు అనంతపురం వెళ్తున్నాం.

ఆదోని నర్సు (ఆదోని) | బుధవారం రాత్రి

రైతు తమ్ముడూ, ధైర్యంగా ఉండు. నాయనకు వేళకు అన్నం పెట్టి తీసుకెళ్లు, అక్కడ క్యూలో చాలాసేపు నిలబడాల్సి రావచ్చు.

డాక్టర్ గారూ, మీరు మెలనోమా గురించి రాశారు. నా ఉద్యోగమంతా డ్రెస్సింగ్ గదిలోనే గడిచింది. నేను ఎక్కువగా చూసింది వేరే రకం. చిన్నప్పుడు పొయ్యి దగ్గర చీర అంటుకుని కాలిన ఆడవాళ్లు. ఒళ్లు మానుతుంది, మోకాలి వెనక, మోచేతి మడతలో మాత్రం బిగిసిన మచ్చ నిలిచిపోతుంది. పని చేసుకునేటప్పుడు అది చిట్లుతుంది, మానుతుంది, మళ్లీ చిట్లుతుంది. పదేళ్లు, ఇరవై ఏళ్లు. ఒకరోజు అంచు గట్టిపడి పైకి లేస్తుంది, పువ్వులా విచ్చుకుంటుంది, వాసన వస్తుంది. కుష్ఠు నయమైనా అరికాలి స్పర్శ పోయిన వాళ్ల పుండ్లలోనూ ఇదే చూశాను. నొప్పి లేదు కాబట్టి రారు.

కట్టు కట్టేటప్పుడు అంచు మారిందని నాకు తెలిసిపోతుంది. డాక్టరుకు చెబుతాను. ముక్క పంపితే స్క్వామస్ సెల్ కార్సినోమా (చర్మం పైపొర కణాల్లో వచ్చే క్యాన్సర్) అని వస్తుంది. కొందరికి కాలు తీసేశారు. వాళ్లలో ఎక్కువ మంది అంతకుముందు ఎన్నో ఏళ్లు ఏదో ఒక చోట కట్టు కట్టించుకుంటూనే ఉన్నారు. ఇన్నేళ్లు ఎవరో ఒకరు ఆ పుండు చూస్తూనే ఉండి, ఒక్కరైనా ముక్క పంపమనలేదే అన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది. మన ప్రాంతంలో చర్మ క్యాన్సర్ అంటే ఎండ కన్నా ముందు ఈ మానని పుండే నా కళ్ల ముందుకు వస్తుంది.

తుంగభద్ర (కర్నూలు) | గురువారం సాయంత్రం

అక్కా, మీరు రాసింది నా ప్రసంగంలో చేర్చుకుంటాను, మీకు అభ్యంతరం లేకపోతే.

మీరు చెప్పింది మార్జొలిన్ పుండు. ఫ్రెంచి సర్జన్ జాఁ నికొలా మార్జొలిన్ 1828లో ఇలాంటి పుండ్లను వర్ణించారు. కాలిన రోజు నుంచి క్యాన్సర్ వచ్చేదాకా సగటున 30 ఏళ్లు పడుతుంది. ఇక్కడా మెట్లే, కానీ నడిపించేది ఎండ కాదు. పుండు మాన్చడానికి కణాలు ఏళ్ల తరబడి విభజన చెందుతూనే ఉంటాయి, ప్రతి విభజనలోనూ తప్పు దొర్లే అవకాశం ఉంటుంది. వాపు చల్లారదు. బిగిసిన మచ్చలో రక్తనాళాలు, లింఫు నాళాలు తక్కువ కాబట్టి రోగనిరోధక కణాలు అక్కడికి సరిగా చేరవు. ఇవన్నీ కలిసి పనిచేస్తాయని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. మామూలు స్క్వామస్ సెల్ కార్సినోమా కన్నా ఇది దూకుడుగా పాకుతుంది కూడా.

చూసేవాళ్లకు ఒక మాట. ముక్క పుండు మధ్యలోంచి తీస్తే కుళ్లిన కణజాలమే వచ్చి, క్యాన్సర్ లేదని రిపోర్టు రావచ్చు. లేచిన అంచు నుంచి, ఒకటికన్నా ఎక్కువ చోట్ల తీయాలి.

గండికోట (కడప) | గురువారం రాత్రి

నర్సమ్మ గారి మాటతో నా రెండో అభ్యంతరం వెనక్కి తీసుకుంటున్నాను.

నేనూ కొంత వెతికి చదివాను. 2015లో సైన్స్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం నన్ను ఆశ్చర్యపరిచింది. రెప్పల శస్త్రచికిత్సలో తీసేసిన మామూలు చర్మాన్ని నలుగురి నుంచి సేకరించి, 234 చిన్న ముక్కలుగా చేసి జన్యువులు చదివారు. పైకి ఏ జబ్బూ లేని ఆ చర్మంలో 18 నుంచి 32 శాతం కణాల్లో, ఇతర కణాలను తోసి పెరగడానికి తోడ్పడే మార్పులు అప్పటికే ఉన్నాయి. నాచ్1 అనే జన్యువు, టీపీ53 వాటిలో ప్రధానం. స్క్వామస్ సెల్ కార్సినోమాలో కనిపించేవి కూడా అవే కదా.

అంటే క్యాన్సర్ జన్యు మార్పు ఉన్నంత మాత్రాన క్యాన్సర్ కాదు. నేను పాతికేళ్లు పిల్లలకు మార్పు జరిగితే జబ్బు వస్తుందని సూటిగా చెప్పాను. అసలు కథ ఇరుగుపొరుగు కణాల పోటీలో, ఏ మార్పు దేని తర్వాత వచ్చిందన్న వరుసలో ఉందని ఇప్పుడు తెలుస్తోంది. డార్విన్ పాఠం చెప్పేటప్పుడు ఉదాహరణ కోసం గాలపగోస్ దీవుల దాకా పోనక్కర లేదు, మన కనురెప్ప మీదే జరుగుతోంది.

మెలనోమా పుట్టే ఆ రంగు కణాలు, మెలనోసైట్ల మీద ఇలాంటిది ఉందా అమ్మా?

తుంగభద్ర (కర్నూలు) | శుక్రవారం ఉదయం

ఉంది సార్. 2020లో హంటర్ షేన్ బృందం నేచర్‌లో ప్రచురించింది. ఆరుగురు దాతల శరీరంలో 19 చోట్ల నుంచి 133 మెలనోసైట్లను ఒక్కొక్కటిగా పెంచి చదివారు. రోజూ ఎండ తగిలే ముఖం కన్నా, ఎప్పుడో ఒకసారి తగిలే వీపు, కాళ్లుచేతుల కణాల్లో మార్పులు ఎక్కువగా ఉన్నాయి. మెలనోమా దారిలో తొలి అడుగులు వేసేసిన కణాలు చూడటానికి మామూలుగా ఉన్న చర్మంలోనే దొరికాయి. మచ్చ లేని చోట మెలనోమా ఎలా పుడుతుందన్న దానికి ఇది ఒక ఆధారం.

పొద్దుటూరు టీచరు (పొద్దుటూరు) | శుక్రవారం రాత్రి

మీ అందరి మాటలూ చదువుతూ వస్తున్నాను. మాది వేరే సమస్య. మా చెల్లెలిని మా చిన్న మేనమామకే ఇచ్చారు. వాళ్ల బాబుకు పాకే వయసు నుంచే ముఖం మీద గోధుమ రంగు చుక్కలు. ఎండలోకి తెస్తే కళ్లు మూసుకుని ఏడుస్తాడు. ఇప్పుడు ముక్కు పక్కన చిన్న గుల్ల లేచి మానడం లేదు. ఒక డాక్టరు జిరోడెర్మా పిగ్మెంటోసమ్ అన్నారు. మా ఇంట్లో అందరూ అమ్మవారి ఆగ్రహమంటున్నారు, చెల్లెలు గర్భంతో ఉండగా గ్రహణం చూసిందంటున్నారు. ఆ పిల్ల తననే నిందించుకుంటూ కుమిలిపోతోంది. నేను ఆమెకు ఏమి చెప్పాలి?

తుంగభద్ర (కర్నూలు) | శుక్రవారం అర్ధరాత్రి

టీచరు గారూ, మీ చెల్లెలికి ముందు ఈ మాట చెప్పండి: గ్రహణానికీ దీనికీ సంబంధం లేదు. ఆమె చేసినదేదీ దీనికి కారణం కాదు.

ఈ జబ్బును వియన్నాలో హెబ్రా, కపోసీ 1874లో వర్ణించారు. కారణం తెలియడానికి దాదాపు వందేళ్లు పట్టింది. ఇప్పుడు మనం మాట్లాడుకుంటున్న ఆ శాన్‌ఫ్రాన్సిస్కో విశ్వవిద్యాలయంలోనే జేమ్స్ క్లీవర్ 1968లో కనుగొన్నారు: ఎండ వల్ల దెబ్బతిన్న డీఎన్‌ఏను ఈ పిల్లల కణాలు బాగు చేసుకోలేవు. మామూలు కణాల్లో దెబ్బతిన్న భాగాన్ని కత్తిరించి, కొత్త ముక్క అతికించే ఎంజైములు ఉంటాయి. ఆ పని ఎలా జరుగుతుందో వివరించినందుకు అజీజ్ సంజార్‌కు 2015లో నోబెల్ బహుమతిలో వాటా వచ్చింది. మరమ్మతు లేకపోతే కణాలు క్యాన్సర్ దారిలోని మెట్లన్నీ వేగంగా దాటేస్తాయి. ఇరవై ఏళ్ల లోపు ఈ పిల్లలకు మెలనోమా కాని చర్మ క్యాన్సర్ ముప్పు ఇతరులకన్నా 10,000 రెట్లు. మొదటి క్యాన్సర్ సగటున 9 ఏళ్లకే వస్తోంది.

తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, చెడిన జన్యు ప్రతులు రెండూ వస్తేనే ఈ జబ్బు. ఒకటే ఉన్న తల్లిదండ్రులకు ఏ ఇబ్బందీ ఉండదు కాబట్టి వాళ్లకు తెలిసే దారి లేదు. మేనరికంలో ఇద్దరికీ ఒకే పూర్వీకుడి నుంచి అదే ప్రతి వచ్చి ఉండే అవకాశం ఎక్కువ. తర్వాతి ప్రతి కాన్పులో నాలుగింట ఒక వంతు ముప్పు ఉంది. అందుకే మళ్లీ గర్భం ధరించే ముందు జన్యు సలహాకు వెళ్లమనండి.

బాబు విషయంలో ముక్కు పక్కది వెంటనే చూపించాలి, అది ఆగే పని కాదు. పగలు బయటకు తీసుకెళ్లకండి, తప్పనిసరైతే నిండు చేతుల చొక్కా, వెడల్పు టోపీ, పక్కలు కూడా మూసే కళ్లజోడు, సన్‌స్క్రీన్ ఉండాలి. కిటికీ అద్దాలకు అతినీలలోహిత కిరణాలను ఆపే పొర అంటించండి. ఎండ తగలదు కాబట్టి విటమిన్ డి ఇవ్వాలి. కంటి డాక్టరు కూడా క్రమం తప్పకుండా చూడాలి. మూడు నెలలకోసారి తల నుంచి కాలి దాకా చర్మం చూపించుకుంటూ, లేచిన ప్రతిదాన్నీ చిన్నగా ఉండగానే తీయించుకుంటూ పెద్దవాళ్లైన వాళ్లు ఉన్నారు. పొద్దుటూరు నుంచి కర్నూలు రాగలిగితే నాకు సందేశం పంపండి, మా ఓపీ రోజులు చెబుతాను.

పొద్దుటూరు టీచరు (పొద్దుటూరు) | శనివారం ఉదయం

చెల్లెలికి ఫోనులో చదివి వినిపించాను. చాలాసేపు ఏడ్చింది. తర్వాత బాబుకు సాయంత్రం బడి కుదురుతుందా అని అడిగింది. మంగళవారం వస్తున్నాం, సందేశం పంపాను.

చెనక్కాయ రైతు (కళ్యాణదుర్గం) | పది రోజుల తర్వాత

డాక్టరమ్మా, రిపోర్టు వచ్చింది. అరికాలి మెలనోమా అని రాశారు. గజ్జల్లో చేతికి తగిలే బిళ్లలు లేవన్నారు. మందం ఎంత అని అడిగితే, పాత ముక్క దొరికితే గానీ సరిగా చెప్పలేమన్నారు. ఆ నర్సింగ్ హోమ్‌కు వెళ్లాను. పారేశామన్నారు. బెంగళూరులోని కిద్వాయి క్యాన్సర్ ఆసుపత్రికి వెళ్లమని రాసిచ్చారు. నాయనకు విషయం చెప్పాను. ఒక్క మాట కూడా మాట్లాడలేదు, చేనుకు వెళ్లొచ్చాడు. అక్కడ నేను ఏమి అడగాలి?

తుంగభద్ర (కర్నూలు) | అదే రోజు రాత్రి

అన్నా, చాలా బాధగా ఉంది. గజ్జల్లో బిళ్లలు చేతికి తగలకపోవడం మంచి సూచనే, గుర్తుపెట్టుకోండి.

అక్కడ మూడు విషయాలు అడగండి. చుట్టూ ఎంత చర్మం కలిపి తీస్తారు, మడమను దేనితో పూడుస్తారు అన్నది ఒకటి. జబ్బు ముందుగా చేరే బిళ్లను రంగుతో, ఐసోటోపుతో గుర్తించి తీసి పరీక్షించే పద్ధతి ఒకటి ఉంది, దానికి 1992లో దారి చూపింది డోనల్డ్ మోర్టన్. అది నాయనకు అవసరమా, ముందు ఒకసారి కోసిన చోట అది నమ్మదగ్గదిగా ఉంటుందా అన్నది రెండోది.

మూడోది జన్యు పరీక్ష. ఇది ఇప్పుడే కాకపోయినా, జబ్బు పాకితే అక్కరకు వస్తుంది. 2006లో బాస్టియన్ బృందం అరికాలి మెలనోమాల్లో 36 శాతం వాటిలో కిట్ అనే జన్యువులో ఉత్పరివర్తనం గానీ, ప్రతుల పెరుగుదల గానీ చూసింది. కిట్‌లో ఉత్పరివర్తనం ఉన్నవాళ్లలో కొందరికి ఇమాటినిబ్ మాత్ర పనిచేస్తుంది. ఒక రకం బ్లడ్ క్యాన్సర్‌కు మన దేశంలో చాలాకాలంగా వాడుతున్న మందే అది. బి-రాఫ్ మార్పు ఉంటే దానికి వేరే మాత్రలు ఉన్నాయి. జేమ్స్ అలిసన్, తసుకు హోంజోలకు 2018లో నోబెల్ తెచ్చిన ఇమ్యునోథెరపీ (రోగనిరోధక కణాలను క్యాన్సర్ మీదికి ఉసిగొల్పే వైద్యం) కూడా ఉంది. అయితే ఎండ రకంతో పోలిస్తే అరికాలి రకంలో ఉత్పరివర్తనాలు తక్కువ కాబట్టి రోగనిరోధక కణాలు గుర్తుపట్టేది తక్కువ, ఫలితమూ తక్కువ. ఖర్చు కూడా భారీగా ఉంటుంది. అప్పు చేసే ముందు అక్కడి డాక్టరుతో కూర్చుని ఎంత లాభమో సూటిగా అడగండి.

పారాఫిన్ (అనంతపురం) | అదే రోజు రాత్రి

రైతు అన్నా, నేను పాథాలజీ ల్యాబులో టెక్నీషియన్‌ను. ఇన్ని రోజులూ చదువుతూనే ఉన్నాను, ఇప్పుడు నేను చెప్పాల్సిన విషయం వచ్చింది.

బెంగళూరు వెళ్లేటప్పుడు రిపోర్టు కాగితం ఒక్కటే పట్టుకెళ్లకండి. మీ నాయన ముక్కను ఫార్మలిన్‌లో ఉంచి, తర్వాత మైనంలో పోతపోసి చిన్న దిమ్మగా చేసి ఉంచుతాం. దాన్ని బ్లాకు అంటాం. దాన్నుంచి పలుచని పొరలు కోసి అద్దం మీద అతికిస్తే స్లైడు. డాక్టరమ్మ చెప్పిన జన్యు పరీక్షలు ఆ బ్లాకు నుంచే చేస్తారు. ముక్క తీసిన ఆసుపత్రి ల్యాబుకు వెళ్లి, వేరే చోట చూపించుకోవడానికి బ్లాకులు, స్లైడులు కావాలని దరఖాస్తు రాసి ఇవ్వండి. రిపోర్టు మీద బయాప్సీ నంబరు ఉంటుంది, అది రాయండి. సంతకం పెట్టించుకుని ఇస్తారు. ఇంకోసారి కోసే బాధ తప్పవచ్చు. అక్కడ పని అయ్యాక బ్లాకు తిరిగి అడిగి తెచ్చుకోండి.

స్లైడులు విరగకుండా డబ్బాలో పెట్టమని అడగండి. బ్లాకును మూతలో, దాన్ని ఇంకో కవరులో పెట్టి, కవరు మీద నాయన పేరు, నంబరు రాయండి. అది మైనం, 60 డిగ్రీల లోపే కరిగిపోతుంది. ఈ ఎండలకు కారు డాష్‌బోర్డు మీద గానీ, బస్సు కిటికీ పక్కన ఎండ పడే చోట గానీ పెట్టకండి. చొక్కా జేబులో కాకుండా, బట్టల సంచీ మధ్యలో పెట్టుకోండి.